అత్తమ్మ కుంకుమ డబ్బి

లక్క గురించి మన ఆడవాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? మా మక్తల్‌లో పడమటి ఆంజనేయస్వామి జాతర వచ్చిందంటే గాజుల దుకాణం ముందు నిలబడి ఒక జతైనా బేరం చేయనిదే ఇంటికి రాము. హైదరాబాద్ పోతే లాడ్ బజార్ ఉండనే ఉంది. బొగ్గుల మీద లక్క ముద్దను వేడి చేసి, సాగదీసి, చుట్టి, మెరిసే రాళ్లు ఒక్కొక్కటే అద్దుతుంటే ఎంతసేపైనా చూడబుద్ధవుతుంది. ఆ హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇక పాత నగల సంగతి అందరికీ తెలిసిందే. గుండ్లలోపల లక్క పోసి ఉంటుంది. మార్చుకోవడానికి తీసుకుపోతే షావుకారి మొదటి మాట "లక్క పోను ఎంతుంటదో చూద్దాం" అనే. భారతం విన్నవాళ్లకు లక్క ఇల్లు కూడా తెలుసు. మన లక్క సంగతే అది, వేడి తగిలితే మెత్తబడుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది.

ఇది పురుగు ఇచ్చే లక్క. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద చిన్న చిన్న పురుగులు రసం పీల్చుకుని, తమ చుట్టూ గట్టి జిగురుతో గూడు కట్టుకుంటాయి. ఆ కొమ్మలు కొట్టి, గీకి, కరిగించి తీసేదే మన లక్క.

ఇంకో లక్క ఉందని నాకు యాభై ఏళ్లు దగ్గరపడ్డాక తెలిసింది. అది చైనా లక్క. దానికి పురుగుతో సంబంధం లేదు, అది చెట్టు పాలు. పోర్చుగీసు వర్తకులు మన దేశంలో లాఖ్ అనే మాట నేర్చుకుని, తూర్పు దేశాల్లో కనబడిన నిగనిగలాడే పెట్టెలకు కూడా అదే పేరు అంటించారట. ఇంగ్లిష్‌వాళ్ల లాకర్ అనే మాట అలా పుట్టింది. మన పురుగు పేరు చైనా చెట్టుకు పోయిందన్నమాట.

ఆ చెట్టు మనకు మరీ పరాయిది కూడా కాదు. మామిడి, జీడిమామిడి, నల్లజీడి ఉన్న కుటుంబమే దానిది. ఆవకాయకు కాయలు తెంపేటప్పుడు తొడిమ దగ్గర సొన చిమ్మి చెంప మీద పడితే ఏమవుతుందో మనకు తెలుసు. మంట, తర్వాత బొబ్బ, తర్వాత నల్ల మచ్చ. వెనుకట బట్టలు ఉతికేవాళ్లు ఏ ఇంటివి ఆ ఇంటికి తెలియడానికి నల్లజీడి గింజ రసంతో గుర్తు పెట్టేవారు. బట్ట చినిగినా ఆ గుర్తు పోదు. లక్క చెట్టు పాలల్లో ఉండేది కూడా అదే జాతి ఘాటు. ఒంటికి తగిలితే దద్దుర్లు. గాలి తగిలి గట్టిపడిందా, ఇక నీళ్లకు నానదు, మన లక్కలాగా వేడికి కరగదు, వందల ఏళ్లు నిలుస్తుంది. చైనాలో హెముడు అనే చోట తవ్వకాల్లో దొరికిన ఎర్ర లక్క పూసిన కొయ్య గిన్నె వయసు ఇంచుమించు 7 వేల ఏళ్లు.

ఇదంతా నాకెందుకు అవసరం పడిందో చెప్తాను.

మా అత్తమ్మ దగ్గర ఒక ఎర్ర డబ్బి ఉండేది. గుండ్రంగా, అరచేతిలో పట్టేంత. మూత మీద ఒక దేవదారు లాంటి చెట్టు, కింద గడ్డం ముసలాయన, పక్కన చిన్న వంతెన. అంచు చుట్టూ రేకలు రేకలుగా పూలు. లోపల మాత్రం నీలం ఎనామిల్. అందులో కుంకుమ పోసుకునేది. పొద్దున స్నానం చేసి, ఆ మూత తీసి, ఉంగరపు వేలితో బొట్టు పెట్టుకున్నాకనే పొయ్యి దగ్గరికి వచ్చేది. మామయ్య పోయాక డబ్బి తీయడం మానేసింది గానీ దేవుడి అలమరలోంచి పక్కకు జరపలేదు. పండగలకు మేము, కోడళ్లం, అందులోంచే పెట్టుకోవాలి. అది ఆమె మాట.

అది వాళ్ల నాన్న తెచ్చిందట. ఆయన హైదరాబాద్‌లో ఒక దేవిడీలో లెక్కలు రాసేవాడు. పోలీసు చర్య తర్వాత ఆ దేవిడీ సామాను అమ్మకానికి పెట్టినప్పుడు, కుర్చీలూ అద్దాలూ కొనే స్తోమత లేక, ఈ డబ్బి ఒక్కటి కొనుక్కుని ఊరికి వచ్చాడని అత్తమ్మ చెప్పేది. ఎంతకు కొన్నాడని అడిగితే నవ్వేది. "మా అమ్మ తిట్టిందంట, గా పైసలకు జొన్నలొస్తుండె గదా అని."

పోయినేడాది అత్తమ్మ పోయింది. దినాలయ్యాక నలుగురం కూర్చుని ఆమె పెట్టె తీశాం. పొలం సంగతి మామయ్య ఉండగానే తేలింది. బంగారం కూడా ఆమె ముందే ఎవరిది వాళ్లకు చెప్పి పెట్టింది. మిగిలినవి నాలుగు నారాయణపేట చీరలు, ఇత్తడి బిందెలు, ఈ డబ్బి. మా పెద్ద వదినె, అంటే మా ఆయనకు అక్క, రాయచూరులో ఉంటుంది. చీరల వంక చూడలేదు. "గీ డబ్బి నాకియ్యుండ్రి. అమ్మ యాదికి ఉంటది" అన్నది. ఎవరూ కాదనలేదు. అప్పటికి అది ఒక పాత కుంకుమ డబ్బి, అంతే.

అంతలో మా మరిది, ఆయన హైదరాబాద్‌లో ఉద్యోగం, డబ్బిని ఫోన్‌తో ఫొటో తీశాడు. ఫొటో పెడితే అలాంటివన్నీ చూపిస్తుంది కదా ఇప్పుడు. అచ్చం ఇలాగే ఉన్న ఎర్ర పెట్టె విదేశంలో ఏదో వేలంలో అమ్ముడుపోయిన ధర కనబడింది. మన రూపాయల్లో లక్షలు. గదిలో ఒక్క నిమిషం మాట లేదు. "ఆగక్కా, ముందు ధర కనుక్కుందం. నిజమే అయితే మూడు భాగాలు చేస్కోవచ్చు" అన్నాడు. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నాడు. అతనికి పిల్ల కాలేజీ ఫీజు ఉంది, ఫ్లాటు అప్పు ఉంది. ఆ మాటలో అత్యాశ ఉందని నేను ఇప్పటికీ అనను.

కానీ వదినె మొహం చూసినదాన్ని నేనే. డబ్బిని మెల్లగా చాప మీద పెట్టింది. అన్నం వడ్డిస్తే ఆకలి లేదన్నది. మధ్యాహ్నం బస్సుకే పోయింది. ఆ తర్వాత రెండు నెలలు ఫోన్ లేదు. నేను చేస్తే అల్లుడు ఎత్తి, పనిలో ఉందని చెప్పేవాడు. రాయచూరు మాకు ఎంత దూరమని? పండగ పూట పొద్దున వచ్చి సాయంత్రం పోయేంత. అంత దగ్గరి మనిషి ఒక్క మాటతో దూరమైపోయింది. మా ఆయనతో ఆ రాత్రే చెప్పాను, ధర ఎంతైనా సరే, మన భాగం వదినెదే అని. ఆయన కూడా సరేనన్నారు. ఆ ముక్క ఫోన్‌లో చెబితే వదినె విన్నది, "చూద్దాం తియ్" అని పెట్టేసింది.

డబ్బి నా దగ్గరే ఉండిపోయింది. దాని సంగతేందో నేనే తెలుసుకోవాలనిపించింది. మా చిన్నది డిగ్రీ చదువుతోంది, దానికి ఇలాంటివంటే ఇష్టం. ఇద్దరం ఒక బుధవారం తెల్లవారుజామున బస్సెక్కి, మహబూబ్‌నగర్ మీదుగా హైదరాబాద్ పోయి, సాలార్‌జంగ్ మ్యూజియం చూశాం. శుక్రవారం సెలవు, మీలో ఎవరైనా పోయేటట్టుంటే గుర్తుపెట్టుకోండి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో చనిపోయాక, ఆయన కూడబెట్టిన సొత్తుతో 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలో నెహ్రూ చేతుల మీదుగా మొదలైంది ఆ మ్యూజియం. మూసీ ఒడ్డున ఇప్పుడున్న కట్టడానికి 1968లో మారింది. జనమంతా గంట కొట్టే గడియారం ముందు, ముసుగు రెబెక్కా బొమ్మ ముందు మూగి ఉంటారు. మేము చైనా, జపాన్ వస్తువులున్న విభాగానికి పోయాం. పింగాణీ, కంచు, పచ్చరాయి, పట్టు కుట్టుపని, వాటితోపాటు లక్కపని కూడా ఉన్నాయి. అక్కడ మా ఇద్దరిదీ ఒకటే అనుమానం. కొయ్య మీద పూలు చెక్కి, తర్వాత ఎర్రరంగు పూస్తారా?

కాదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. తర్వాత మా చిన్నది పుస్తకాలూ, మ్యూజియంల వెబ్‌సైట్లూ చదివి నాకు చెప్పింది. నాకు అర్థమైనంత మీకు చెప్తాను.

ముందు కొయ్యతోనో, గుడ్డ అతికించిన అచ్చుతోనో, ఇత్తడి లాంటి లోహంతోనో నున్నటి పెట్టె చేసుకుంటారు. దాని మీద లక్క పాలను ఒక పల్చటి పూత వేస్తారు. ఎర్ర రంగు కోసం అందులో ఇంగిలీకం కలుపుతారు. ఒక పూత ఆరేదాకా ఆగాలి. ఆరాక ఇంకో పూత. అదీ ఆరాక ఇంకోటి. ఇలా ముప్పయ్యో నలభయ్యో కాదు, మంచి వస్తువుకు వంద దాటుతాయి. రెండు వందల దాకా వేసినవీ ఉన్నాయట. అన్ని పూతలూ కలిస్తే మందం ఎంతనుకున్నారు? కొన్ని మిల్లీమీటర్లు! ఆ మందంలోనే చెట్టూ, ముసలాయనా, వంతెనా, నీళ్ల అలలూ కత్తితో చెక్కుతారు. అంటే పూలు కొయ్యలో లేవు, పూతలోనే ఉన్నాయి.

ఆరడం అంటే మన వడియాలు ఎండలో ఆరినట్టు కాదు. లక్క పాలు గట్టిపడాలంటే గాలిలో వెచ్చదనం ఉండాలి, బాగా తేమ కూడా ఉండాలి. పొడి గాలికి సరిగ్గా గట్టిపడదు. అందుకని తేమ పట్టి ఉంచిన గదుల్లోనో అలమరల్లోనో ఆరబెడతారు. మా మక్తల్ ఎండాకాలంలో ఆ పని పెట్టుకుంటే ఒక్క పూత కూడా కుదరదనుకుంటా! ఒక్కో పూతకు ఒక రోజో అంతకు మించో పట్టినా, వంద పూతలంటే లెక్క వేసుకోండి. కత్తి పట్టకముందే నెలలు గడుస్తాయి. చెక్కేటప్పుడు కత్తి ఒకచోట లోతుకు జారిందా, అతికించడానికి ఏమీ ఉండదు. ఎంత లోతుకు పోవచ్చో తెలియడానికి కొన్నిచోట్ల అడుగున ఒక్క నల్ల పూత వేసి పెడతారట. కత్తికి నల్లగీత తగిలితే అక్కడ ఆగాలి. ఇంకో రకంలో ఎర్ర పూతలూ నల్ల పూతలూ మార్చి మార్చి వేసి, కత్తిని ఏటవాలుగా దింపుతారు. అప్పుడు కోసిన అంచులో ఎరుపు, నలుపు, ఎరుపు, నలుపు చారలు చారలుగా కనబడతాయి.

ఆ చారల ఫొటో చూడగానే నాకు మా పాత ఇల్లు కళ్లముందుకొచ్చింది. పన్నెండేళ్ల కింద స్లాబు ఇల్లు కడదామని మట్టిగోడలు పడగొట్టించాం. ఒక పెళ్ల నా కాళ్ల దగ్గర పడింది. విరిగిన అంచులో తెల్లటి సున్నం, ఎర్రటి జాజు, మళ్లీ సున్నం, మళ్లీ జాజు. కాగితాలు పేర్చినట్టు. దసరాకు ఒకసారి, పెళ్లికో పేరంటానికో ఒకసారి, ఏళ్ల తరబడి అత్తమ్మ చేత్తో వేసిన పూతలు. మొదటి పొరలు ఆమె అత్తగారివి కూడా అయ్యుంటాయి. గోడ నిలబడి ఉన్నన్నాళ్లూ పైపూత ఒక్కటే కనిపించింది. "ఈసారి గోడలు మంచిగ వచ్చినయ్" అని చూసినవాళ్లు అనేవాళ్లు. కింద ఎన్ని ఉన్నాయో ఎవరు చూశారు? ట్రాక్టరులో పోసి పంపిస్తుంటే అత్తమ్మ కొత్త ఇంటి కోసం సంతోషంగానే ఉండింది. పెళ్లను తీసి వేలితో గీకి చూసి, కింద పడేసింది.

చైనా లక్క చరిత్రలో కూడా పేర్లున్నది చెక్కినవాళ్లకే. యువాన్ వంశ కాలంలో, అంటే 14వ శతాబ్దంలో, జేజియాంగ్ సీమలోని షీతాంగ్ ఊళ్లో జాంగ్ చెంగ్, యాంగ్ మావో అని ఇద్దరు గొప్ప పనివాళ్లుండేవారు. సూదితో గీసినట్టు సన్నగా వాళ్ల పేర్లున్న వస్తువులు బీజింగ్ రాజభవన మ్యూజియంలో ఉన్నాయి. ఆ తర్వాత మింగ్ వంశపు యోంగ్లె చక్రవర్తి, 1403 నుంచి 1424 దాకా ఏలినాయన, ఆ పనివాళ్ల కుటుంబంవాడినే, జాంగ్ చెంగ్ కొడుకును, కొలువుకు పిలిపించుకున్నాడు. 1403లోనే జపాన్ పాలకుడికి పంపిన కానుకల్లో ఈ చెక్కిన లక్క వస్తువులు ఉన్నాయి. బీజింగ్‌లో వాళ్ల పనిశాలకు తోట కార్ఖానా అని అర్థం వచ్చే పేరు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మూడు సొరుగుల ఎర్ర లక్క బల్ల ఒకటి ఉంది. యోంగ్లె మనవడు షువాన్‌ద కాలం నాటిది, 1425కూ 1436కూ మధ్య చేసింది. అంగుళం ఖాళీ లేకుండా చెక్కినది. మా చిన్నది ఫోన్‌లో చూపిస్తే, దీన్ని దుమ్ము ఎట్లా తుడుస్తారబ్బా అనిపించింది ముందు!

ఇంకో ముచ్చట కూడా ఉంది. యోంగ్లె కాలం గుర్తు సూదితో సన్నగా గీసి ఉంటుంది. కొన్ని వస్తువుల మీద దాన్ని చెరిపి, అదే చోట షువాన్‌ద కాలం గుర్తును కత్తితో చెక్కి, బంగారం నింపారు. తాత కాలంలో చేసినది మనవడి పేరుకు మారింది. రాజుల పేర్లకే ఆ గతి పడితే, రోజూ పొద్దున్నే లేచి తేమ గదిలో కూర్చుని, చేతులకు దద్దుర్లు వస్తున్నా నూటయాభయ్యో పూత నున్నగా వేసినవాళ్ల పేరు ఎక్కడ మిగులుతుంది? పూత వంకరగా ఉంటే కత్తి ఎంత గొప్పదైనా బొమ్మ నిలవదు కదా. పైగా వాళ్లు వేసినదాంట్లో చాలా భాగం చెక్కినప్పుడు పొడై రాలిపోతుంది. మిగిలింది మనం మెచ్చుకుంటాం.

సరే, మా డబ్బి దగ్గరికొస్తాను. నకిలీలు ఈనాటివి కావు. 1388లో రాసిన ఒక చైనా పుస్తకం, పాత వస్తువులు కొనేవాళ్లకు మంచీ చెడ్డా చెప్పేది, అప్పటికే ఒక హెచ్చరిక చేసింది. బూడిద ముద్దతో బొమ్మను ఉబ్బెత్తుగా చేసి, పైన ఎర్ర లక్క పూసి, చెక్కినదని అమ్ముతారు, దానికి పెద్దగా ధర రాదు అని. ఈ రోజుల్లో అయితే అచ్చులో రెజిన్ పోసి తీసేస్తారు. తేడా పట్టుకోవడానికి భూతద్దం ఉంటే చాలా వరకు సరిపోతుంది. చెక్కినదైతే అంచులు పదునుగా ఉంటాయి, ఒక పువ్వు ఇంకో పువ్వులా అచ్చంగా ఉండదు, కోసిన చోట సన్నటి పొరల గీతలు కనబడతాయి. అచ్చులో పోసినదైతే అంచులు మొద్దుగా, గుండ్రంగా ఉంటాయి, పక్కన అచ్చు కలిసిన గీత ఉంటుంది, విరిగిన చోట పొర అనేదే ఉండదు, సబ్బు ముక్కలా ఒకటే ముద్ద.

మా యారాలి తరఫు బంధువు ఒకాయన బొమ్మలు నేర్పే కాలేజీలో పని చేసి రిటైరయ్యారు. మా మరిదే ఆయన దగ్గరికి తీసుకుపోయాడు. నేనూ పోయాను. ఆయన తొందరపడలేదు. డబ్బిని మెత్తటి గుడ్డ మీద పెట్టి, కిటికీ దగ్గర, కంసాలి భూతద్దంతో చాలాసేపు చూశారు. మా చిన్నది మూడేళ్లప్పుడు కింద పడేసినప్పుడు అంచులో చిన్న పెచ్చు ఊడింది. ఆయన ముఖ్యంగా చూసింది అక్కడే. నన్ను కూడా చూడమన్నారు. ఎర్ర అంచులో వెంట్రుక కంటే సన్నగా గీతలున్నాయి. దాని కింద ఇత్తడి మెరుపు.

"చెక్కిందేనమ్మా, పోత పోసింది కాదు" అన్నారు. మరిది ముందుకు వంగాడు. "కానీ పొరలు తక్కువ. ఇత్తడి మీద లక్క, లోపల నీలం ఎనామిల్. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బయటి దేశాలకు అమ్మడానికి ఇలాంటివి చాలా చేశారు. రాజుల కాలంవి కావు. కొనేవాళ్లుంటే కొన్ని వేలు వస్తాయి."

"గంతేనా?" అన్నాడు మరిది. తర్వాత వాడే నవ్వాడు. బయటికొచ్చి చాయ్ తాగుతుంటే, "అక్కకే ఇచ్చేద్దం వదినా" అన్నాడు. భారం దిగినట్టుగా ఉంది వాడి మొహం. నాకూ అలాగే అనిపించింది. ఇంటికొచ్చి ఆ రాత్రే వదినెకు ఫోన్ చేశాను. ఈసారి ఎత్తింది. ఆయన చెప్పినదంతా చెప్పాను. పొరలు, ఇత్తడి, ఎనామిల్ అన్నీ విన్నది. చివర్లో, "అందరం అనుకున్నం వదినా, డబ్బి నీకే" అన్నాను.

కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా అన్నది. "ధర తక్కువని తేలినంక ఇస్తున్నరా? లక్షలొస్తే ఇయ్యకపోదురు గదనే."

నా దగ్గర జవాబు లేదు. నా మటుకు నేను ముందే చెప్పాను, అది ఆమెకూ తెలుసు. కానీ ఆమె అడుగుతున్నది నన్ను కాదు. తల్లి వస్తువుకు కూతురి మాట కంటే ముందు బజారు మాట అడిగారు, దాని గురించి అడుగుతోంది. ధర ఎక్కువ తేలినా తక్కువ తేలినా ఆ ముందూ వెనుకా మారదు. "నాకొద్దు. నీ దగ్గర్నే ఉండనీ" అని పెట్టేసింది.

మరిదికి చెబితే చిన్నబోయాడు. వారం తర్వాత ఒక్కడే రాయచూరు పోయి వచ్చాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, వాళ్లిద్దరూ చెప్పలేదు. అక్కాతమ్ముళ్ల మధ్య సంగతి. ఫోన్లు మాత్రం మళ్లీ మొదలయ్యాయి. మొదట పొడి పొడిగా, తర్వాత వానల గురించి, పిల్లల గురించి, కంది చేను గురించి.

ఇంట్లో ఇలాంటి పాత లక్క వస్తువులుంటే ఎట్లా చూసుకోవాలో కూడా తెలుసుకున్నాను. పనికొస్తుందని రాస్తున్నా. ఎండ తగిలే కిటికీలో పెట్టొద్దు, వెలుగుకు లక్క మెరుపు చచ్చిపోతుంది. మరీ పొడిగా ఉండే చోట పగుళ్లు పడతాయి. తడి గుడ్డ, నూనె, సబ్బు, చింతపండు ఏవీ వద్దు. ఇత్తడి బిందెలా తోమితే ఉన్నదంతా పోతుంది. మెత్తటి పొడి కుంచెతో సందుల్లో దుమ్ము దులిపితే చాలు. పెచ్చు ఊడితే ఫెవిక్విక్ పెట్టకండి, ఆ పెచ్చును కాగితంలో చుట్టి దాచండి. ఎరుపు ఇంగిలీకానిది, అంటే అందులో పాదరసం ఉంటుంది. లక్కలో కలిసి గట్టిపడ్డాక మామూలుగా చేత్తో పట్టుకుంటే భయం లేదు గానీ, గీకడం, సానపట్టడం, కాల్చి చూడటం అసలు చేయకండి. పొడి గొంతులోకి పోతే మంచిది కాదు. తినేవి అందులో పెట్టొద్దు. ఇంకో మాట, వందేళ్లు దాటిన కళావస్తువులను దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు, వాటి వ్యాపారం చేసేవాళ్లకు లైసెన్సు ఉండాలి. ఎవరైనా ఫోన్‌లో ఫొటో చూసి "విదేశాల్లో లక్షలు" అంటే తొందరపడకండి.

అన్నిటికంటే ముందు ఇంకోటి. ధర అడిగే ముందు, ఆ వస్తువు ఎవరికి కావాలో అడగండి. ఆ ఒక్కటి ముందు అయిపోతే, ధర ఎంత తేలినా ఇంట్లో మనుషులు మిగులుతారు.

ఈ యేడు సద్దుల బతుకమ్మకు వదినె వచ్చింది. తల్లి లేని మొదటి బతుకమ్మ. పొద్దంతా తంగేడు, గునుగు పేర్చుకుంటూ కూర్చున్నాం. డబ్బి గురించి నేనూ ఎత్తలేదు, ఆమే ఎత్తలేదు. సాయంత్రం చీర మార్చుకుని వచ్చి, దేవుడి అలమర తీసింది. ఎర్ర డబ్బి మూత తీసి, బొట్టు పెట్టుకుంది. నన్ను పిలిచి నాకు పెట్టింది. మా చిన్నదాన్ని పిలిచి దానికీ పెట్టింది. అంచులో పెచ్చూడిన చోటు మీద ఒకసారి బొటనవేలు ఆడించి, మూత వేసి, ఉన్నచోటనే పెట్టింది. "కుంకుమ అయిపొచ్చింది, పొయ్యి పెట్టు" అన్నది నాతో. ఆ తర్వాత ముగ్గురం బతుకమ్మలెత్తుకుని బయటికి నడిచాం.